ఎర్రకణం మీది పొర: చెన్నపట్నం నుంచి ఒక సింహావలోకనం

మనిషి పాలిపోతాడు, కళ్లు పచ్చబడతాయి, ఎడమ డొక్కలో బల్ల చేతికి తగులుతుంది. ఈ మూడూ ఒకే రోగిలో కనిపిస్తే ఒంట్లోని రక్తం బయటికి కారకుండానే నశించిపోతున్నదని ఇవాళ రెండో ఏటి వైద్య విద్యార్థి కూడా చెప్పేస్తాడు. ఆ ఒక్క మాట అనగలగడానికి వైద్యశాస్త్రానికి కొన్ని తరాలు పట్టింది. చరకసంహిత చికిత్సాస్థానం పాండురోగాన్నీ కామిలనూ ఒకే అధ్యాయంలో చర్చించింది. పల్లెవైద్యులు బల్లకు వాతలు పెట్టారు, కామెర్లకు పసరు పోశారు. పాలిపోవడానికీ పచ్చబడటానికీ చుట్టరికం ఉన్నదని మనవాళ్లకు ఏనాడో తట్టింది. ఆ రెండింటికీ మూలం ఎర్ర రక్తకణాన్ని చుట్టుకుని ఉన్న పొరలోనే ఉండవచ్చునన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. 19వ శతాబ్ది చివరిదాకా యూరప్ వైద్యులదీ అదే పరిస్థితి. ఆ పొర కథను చెన్నపట్నంలో నిలబడి చెప్పుకోవడం ఊరి మీద మమకారంతో మాత్రమే కాదు. ఈ కథలో ఈ ఊరికి వాటా ఉంది. ఆ వాటాలో తెలుగువాడి పాలు ఇంకా ఎక్కువ.

1664 నవంబరులో ఎడ్వర్డ్ వింటర్ హయాంలో సెయింట్ జార్జి కోట లోపల ఈస్టిండియా కంపెనీ సైనికుల కోసం పెట్టిన చిన్న ఆసుపత్రే నేటి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి మొదలు. 1772లో అది కోట వెలుపల ఇప్పుడున్న చోటికి చేరింది. 1835లో దాని పక్కనే వైద్య పాఠశాల వెలిసి, తరువాత మద్రాసు మెడికల్ కాలేజీ అయింది. 1923లో విశాఖపట్నంలో మరో కాలేజీ వచ్చేదాకా ఆంధ్ర జిల్లాల పిల్లవాడు డాక్టరు కావాలంటే సాధారణంగా ఈ ఊరి దారే పట్టేవాడు. రోగులదీ అదే దారి. ఆసుపత్రి సెంట్రల్ స్టేషనుకు ఎదురుగానే ఉండటంతో నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి తెల్లవారుజామున బండెక్కినవాళ్లు రోడ్డు దాటితే చాలు, ఓపీ చీటీ దగ్గర నిలబడేవారు. రాష్ట్రాలు విడిపోయాక కూడా ఆ రాకపోకలు ఆగలేదు.

20వ శతాబ్దం మొదట్లో ఈ కాలేజీలో చార్లెస్ డోనొవాన్ అనే ఐరిష్ వైద్యుడు శరీరధర్మశాస్త్రం బోధించేవాడు. 1903లో ఆయన జ్వరంతో బల్ల పెరిగిన రోగుల ప్లీహం నుంచి తీసిన రక్తాన్ని గాజుపలక మీద పూసి చూస్తే, అందులో మలేరియా క్రిమి కాక మరేదో కనిపించింది. అంతకు కొద్దికాలం ముందే విలియం లీష్మన్ ఇంగ్లండులో అలాంటిదాన్నే వర్ణించి ఉన్నాడు. ఆ జ్వరం పేరు కాలాజార్, దాని క్రిమికి ఆ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. మన కథకు ఆ క్రిమితో పని లేదు గానీ, ఆ రోజుల్లో మద్రాసులో స్థిరపడిన అలవాటుతో ఉంది. బల్ల పెరిగిందంటే రక్తపు బొట్టు తీసి చూడాలి. లీష్మన్ 1901లో ప్రకటించిన రంగు నేటికీ మన ఆసుపత్రుల ల్యాబుల్లో రోజూ వాడుకలో ఉంది. పలక అంచున ఒక బొట్టు పెట్టి, ఇంకో పలకతో ఏటవాలుగా ఒక్క లాగు లాగుతారు. ఈ పూత (స్మియర్) చివర ఈకలా పలచబడాలి, అలా రాకపోతే పలక పారెయ్యవలసిందే. ఆరాక లీష్మన్ రంగు పోసి రెండు నిమిషాలాగి, దానికి రెట్టింపు బఫర్ నీళ్లు కలిపి, కాసేపుంచి కడిగేస్తారు. నూనె చుక్క వేసి పెద్ద లెన్సు కింద చూస్తే ఆరోగ్యవంతుడి ఎర్రకణం నడుమ పాలిపోయిన వలయం కనిపిస్తుంది. కణం రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయిన బిళ్ల గనుక నడిమి భాగం పలచన. ఆ పాలిపోయిన నడుమ లేకుండా చిన్నగా, గుండ్రంగా, చిక్కటి ఎరుపుతో నిలిచే కణాలు కొందరిలో కనిపిస్తాయి. వాటినే గోళకణాలు అంటారు. ఈ కథంతా వాటి చుట్టూ తిరుగుతుంది.

అలాంటి రోగిని మొదట వివరంగా వర్ణించినవాళ్లు బెల్జియంలోని లియేజ్ వైద్యులు వాన్‌లేర్, మాసియస్. అది 1871. వాళ్లు రాసింది ఎవరూ పట్టించుకోలేదు. 1900లో ఆస్కర్ మింకోవ్‌స్కీ ఒకే కుటుంబంలో పలువురికి పుట్టుకతో కామెర్లు, పెద్ద ప్లీహం ఉండటం గమనించి ఇది వంశంలో నడిచే జబ్బని తేల్చాడు. 1907లో పారిస్ వైద్యుడు షొఫార్ మరో అడుగు వేశాడు. ఉప్పునీటి గాఢత తగ్గిస్తూ పోతే ఈ రోగుల కణాలు మామూలు కణాలకన్నా ముందే పగిలిపోతున్నాయని చూపించాడు. నేడు ఆస్మాటిక్ ఫ్రాజిలిటీ అని ల్యాబు కాగితం మీద రాసే పరీక్ష ఆయన చలవే. మామూలు కణాలు 0.5 శాతం దగ్గర్లో పగలడం మొదలుపెట్టి 0.3 వచ్చేసరికి పూర్తిగా కరిగిపోతాయి. గోళకణాలు అంతదాకా ఆగవు.

ఈ కాలానికి చెందిన ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. 1887లో లండన్‌లో స్పెన్సర్ వెల్స్ అనే పేరుమోసిన సర్జను, గర్భసంచిలో గడ్డ అనుకుని ఒక యువతికి కడుపు కోశాడు. లోపల ఉన్నది బ్రహ్మాండమైన ప్లీహం. తీసేశాడు. ఆమెను అంటిపెట్టుకుని ఉన్న కామెర్లు పోయాయి, ఎందుకు పోయాయో ఆయనకు తెలియదు. నలభై ఏళ్లు దాటాక డాసన్ ప్రభువు ఆ వృద్ధురాలి రక్తాన్ని పరీక్షించి, ఆమెది వంశపారంపర్య గోళకణ వ్యాధేనని 1931లో వెల్లడించాడు. కణాలు అప్పటికీ పెళుసుగానే ఉన్నాయి. జబ్బు పోలేదు, జబ్బు కణాలను పట్టి చంపే అవయవం మాత్రం పోయింది. ఈ తేడా అర్థమైనవాడికి సగం శాస్త్రం అర్థమైనట్లే.

ఎందుకంటే, ఎర్రకణానికి బతుకుతెరువు దాని ఆకారంలోనే ఉంది. బిళ్ల వెడల్పు దాదాపు 8 మైక్రాన్లు. అది దూరవలసిన సన్నటి రక్తనాళం వెడల్పు 3 మైక్రాన్లు కూడా ఉండవచ్చు, ప్లీహంలోని చీలికలు అంతకన్నా సన్నం. లోపలి సరుకుకు కావలసినదానికంటే పొర వైశాల్యం సుమారు 40 శాతం ఎక్కువగా ఉండబట్టే కణం మడత పడి, సాగి, అవతలికి జారుకుంటుంది. సగం నింపిన తోలుతిత్తి ఎటైనా ఒదుగుతుంది, నిండా నింపింది ఒదగదు. పొరలో కొంత వైశాల్యం పోయిందా, కణం గుండ్రమవుతుంది. గుండ్రమైందా, ప్లీహం చీలికల్లో చిక్కుకుంటుంది. పైగా పెద్దయిన ఎర్రకణంలో కేంద్రకం ఉండదు గనుక పొర చిరిగితే కొత్తది నేసుకునే ఏర్పాటూ లేదు. 120 రోజులు బతకవలసిన కణం కొద్ది వారాల్లో, ఒక్కోసారి కొద్ది రోజుల్లోనే రాలిపోతుంది.

ఇక 1925. ఈ చరిత్రలో ఇంతటి సంవత్సరం మరొకటి కనిపించదు. ఆ ఏడాది హాలండులోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్రకణాల నుంచి కొవ్వు పదార్థాన్ని వేరుచేసి నీటి మీద పరిచి, అది కణాల ఉపరితలానికి రెండింతలు ఉన్నదని కొలిచారు. అంటే పొర రెండు వరసల కొవ్వుతో కట్టినది. అదే ఏడాది అమెరికాలోని డెట్రాయిట్‌లో థామస్ కూలీ పసిపిల్లల్లో పెద్ద ప్లీహం, ఎముకల మార్పులతో వచ్చే రక్తహీనతను వర్ణించాడు. తరువాత అదే తలసేమియాగా పేరుపడింది. అదే ఏడాది బోస్టన్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడూ ఆయన దగ్గర పనిచేస్తున్న మన యల్లాప్రగడ సుబ్బారావూ శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. మొదటి రెండూ రక్తకణానికి నేరుగా చెందినవి. మూడోది ఏ జబ్బుకూ చెందింది కాదు, అందుకే అన్నింటికీ పనికొచ్చింది.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలులో గట్టెక్కి, ప్రెసిడెన్సీ కాలేజీ మీదుగా మెడికల్ కాలేజీకి చేరాడు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు పెద్దల ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో కొన్నాళ్లు శరీరనిర్మాణశాస్త్రం బోధించి, 1922లో బోస్టన్ వెళ్లాడు. మళ్లీ తిరిగి రాలేదు. ఆయన పేరున్న పద్ధతిలో మాలిబ్డేటు, దానికి తోడు మరో రసాయనం కలిపితే భాస్వరం ఎంత ఉంటే అంత చిక్కటి నీలం రంగు తేలుతుంది. కంటికి కనిపించే ఆ నీలాన్ని యంత్రంతో చదివితే లెక్క వస్తుంది. పొరలోని కొవ్వుల్లో ఎక్కువ పాలు భాస్వరం కలిసినవే. పొరను నిలబెట్టే శక్తి నిధి ఏటీపీ కూడా భాస్వరపు పదార్థమే, దాన్ని 1929లో కనుగొన్నవాళ్లలోనూ ఆయన పేరుంది. ఏటీపీ అడుగంటితే బిళ్లలాంటి ఎర్రకణం ముళ్లు మొలిచినట్లు మారిపోతుందని 1960లో జపాన్ పరిశోధకుడు నకావో చూపించాడు. అప్పటికి సుబ్బారావు పోయి 12 ఏళ్లు.

ఇక్కడ మద్రాసుకు మరో పాయ కలుస్తుంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గర్భిణుల రక్తహీనతను పరిశోధించడానికి 1928లో బొంబాయి వచ్చింది. 1931 తొలి నెలల్లో ఆమె తిరువల్లిక్కేణిలోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో పనిచేసింది. అదే నేటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. ఈస్టు నుంచి చేసే మార్మైట్ తినిపిస్తే ఆ గర్భిణులు కోలుకుంటున్నారని ఆమె లోకానికి చెప్పింది. ఆ ఈస్టులోని పేరు తెలియని పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధక బృందానికి నాయకుడు ఈ సుబ్బారావే. స్ప్రూ అనే పేగుల జబ్బు వల్ల వచ్చే రక్తహీనతతో సోదరుణ్ణి పోగొట్టుకుని, తానూ ఆ జబ్బుతో చావు అంచుదాకా వెళ్లివచ్చిన మనిషి. ఎర్రకణాలు వేగంగా రాలిపోయే ప్రతి జబ్బులోనూ మూలుగ రేయింబవళ్లు కొత్త కణాలను పుట్టించాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం తరుగుతూ ఉంటుంది. గోళకణ వ్యాధి రోగికీ, తలసేమియా బిడ్డకూ, ఎర్రకణాలు కొడవలిలా వంగే సికిల్ సెల్ జబ్బున్న పిల్లవాడికీ డాక్టరు చీటీలో ఆ మాత్ర ఉండటానికి కారణమిదే.

ఇంతకాలమూ ఒక చిక్కు ముడి అలాగే మిగిలిపోయింది. పుట్టుకతో కాక, నడివయసులో హఠాత్తుగా కామెర్లు, రక్తహీనత వచ్చిన రోగుల్లోనూ అవే గోళకణాలు కనిపిస్తున్నాయి. ఫ్రాన్సులో హయేం, విడాల్ ఇలాంటివాళ్లను వేరుగా వర్ణించారు గానీ, కారణం చెప్పలేకపోయారు. శరీరం తనను తాను కాటేసుకోదన్నది పాల్ ఎర్లిఖ్ నాటి నుంచి గట్టిపడిన నమ్మకం. 1904లోనే డోనత్, లాండ్‌స్టీనర్ ఒక రకం రోగుల రక్తద్రవం చల్లబడి వేడెక్కితే వాళ్ల సొంత కణాలనే పగలగొడుతున్నదని చూపినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. 1938లో బోస్టన్‌లో డామెషెక్, ష్వార్జ్ ఇలాంటి రోగుల రక్తంలో కణాలను కరిగించే పదార్థాలు ఉన్నాయని వాదించారు. గోళకణాలు కనిపించినంత మాత్రాన అది వంశపు జబ్బేనని అనకూడదని తేల్చారు.

ముడి విప్పినవి రెండు పనులు. 1943లో డేసీ, మోలిసన్ వంశపారంపర్య రోగులకు ఆరోగ్యవంతుల రక్తం ఎక్కించి, ఆ దాత కణాలు రోగి ఒంట్లో పూర్తి ఆయుష్షు బతుకుతున్నాయని చూపారు. తప్పు రోగి ఒంటిది కాదు, కణానిదే. మధ్యలో జబ్బు పడ్డవారికి ఎక్కిస్తే దాత కణాలూ రోగి కణాలతో పాటే రాలిపోయాయి. అక్కడ తప్పు కణానిది కాదు, చుట్టూ ఉన్న పరిసరానిది. ఇంత తేటగా తేల్చిన ప్రయోగాలు వైద్యశాస్త్రంలో అరుదు. రెండోది 1945 నాటి కూంబ్స్ పరీక్ష. యుద్ధకాలపు మసక వెలుగులో రైలు ప్రయాణం చేస్తుండగా రాబిన్ కూంబ్స్‌కు ఆ ఊహ తట్టిందంటారు. మనిషి యాంటీబాడీలకు విరుగుడుగా కుందేలులో పుట్టించిన ద్రవాన్ని, బాగా కడిగిన రోగి కణాల మీద వేస్తే, కణాల పొరకు యాంటీబాడీ అంటుకుని ఉన్న పక్షంలో అవి గుత్తులు కడతాయి. లేకపోతే లేదు. 1946లో బూర్‌మన్, డాడ్, లౌటిట్ అదే ద్రవంతో రెండు రకాల కామెర్లను విడదీశారు. వంశపు జబ్బులో గుత్తులు లేవు, మధ్యలో వచ్చినదాంట్లో ఉన్నాయి. మొరెస్కి అనే ఇటాలియన్ 1908లోనే ఈ సూత్రం చెప్పాడని తరువాత బయటపడింది. చరిత్రలో ముందు చెప్పినవాడికన్నా అవసరమైన వేళకు చెప్పినవాడికే పేరు.

మరి రెండింట్లోనూ గోళకణాలే ఎందుకు కనిపిస్తాయి? దీనికి జవాబు 1967లో లోబ్యూగ్లియో, జాండ్ల్ బృందం ఇచ్చింది. యాంటీబాడీ అంటుకున్న కణాన్ని ప్లీహంలోని భక్షక కణం పట్టుకుని పొరలో ఒక ముక్క కొరికేస్తుంది. పొర తగ్గింది, లోపలి సరుకు తగ్గలేదు, మిగిలింది గుండ్రని కణం. పుట్టు జబ్బులో పొర తనంతట తానే సన్నటి బుడగలుగా రాలిపోతుంది, మధ్యలో వచ్చినదాంట్లో భక్షక కణం కొరికేస్తే పోతుంది. పలక మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఏ నిపుణుడైనా స్మియర్ ఒక్కటే చూసి ఇది వంశానిదని ఒట్టేసి చెబుతున్నాడంటే నాకు అనుమానమే. యాంటీబాడీల్లోనూ తేడాలున్నాయి. ఒంటి వేడి దగ్గర అంటుకునేవి కణాన్ని ప్లీహానికి అప్పగిస్తాయి. చల్లదనంలో అంటుకునేవి కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థను లేపి, ఎక్కువగా కాలేయంలో కణాలను చంపిస్తాయి. ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే ల్యూపస్ జబ్బు ఉన్న యువతుల్లో మొదటి రకం ఎక్కువ. 1951లో ఎవాన్స్ ప్లేట్‌లెట్లు కూడా తగ్గిపోయే రకాన్ని వర్ణించాడు. గర్భిణుల రక్తపోటుకు మన దేశంలో నేటికీ ఇచ్చే మిథైల్‌డోపా వల్ల కూంబ్స్ పరీక్ష పాజిటివ్ రావచ్చునని 1966లో తెలిసింది. 1950ల మొదట్లో స్టెరాయిడ్లు వచ్చాక ఈ రోగుల జాతకమే మారింది. ప్లీహం తీయించడం రెండో మార్గమైంది, తరువాతి కాలంలో రిటుక్సిమాబ్ అనే మందు ఆ స్థానంలోకి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దక్షిణాది అడవుల నుంచి ఒక వార్త పుట్టింది. 1952లో లేమన్, మేరీ కట్‌బుష్ నీలగిరి గిరిజనుల రక్తంలో సికిల్ కణాలను కనుగొన్నారు. అంతవరకూ అది ఆఫ్రికా సంతతివారి జబ్బేనని లోకం అనుకుంటూ వచ్చింది. అదే ఏడాది బొంబాయిలో భెండే బృందం ఎర్రకణం ఉపరితలం మీద ఉండవలసిన హెచ్ చక్కెర గుర్తు అసలే లేనివాళ్లను కనిపెట్టింది. నేటి బాంబే గ్రూపు అదే. సికిల్ సెల్‌కు కారణం హీమోగ్లోబిన్‌లో ఉందని పౌలింగ్ 1949లోనే చెప్పాడు, ఇంగ్రమ్ అది ఒకే ఒక్క అమినో ఆమ్లపు తేడా అని తేల్చాడు. అంతటితో పొరకు సంబంధం లేదని చాలామంది అనుకున్నారు. అలా అనుకోవడం పొరపాటని 1976లో శామ్యూల్ లక్స్ బృందం రుజువు చేసింది. పదేపదే కొడవలిగా మారిన కణంలోంచి హీమోగ్లోబిన్ మొత్తం తీసేసినా, పొర కింది అల్లిక కొడవలి ఆకారంలోనే బిగుసుకుపోయి ఉంది. 1980లో హెబ్బెల్ ఈ కణాల పొర రక్తనాళాల గోడకు జిగురులా అంటుకుంటున్నదని చూపాడు. తలసేమియాలోనూ అంతే, జత దొరకని ఆల్ఫా గొలుసులు పొర లోపలి వైపు పేరుకుని దాన్ని కాల్చేస్తాయి. జబ్బు ఎక్కడ పుట్టినా చివరి దెబ్బ తగిలేది పొరకే.

1963లో డాడ్జ్, మిచెల్, హనాహన్ ఒక సులువైన పద్ధతి ప్రకటించాక పొరను విడిగా పట్టుకుని చూడటం ఏ మోస్తరు ప్రయోగశాలకైనా అందుబాటులోకి వచ్చింది. చెన్నై తరమణిలో మద్రాసు విశ్వవిద్యాలయం వారి ఎ.ఎల్. ముదలియార్ ప్రాథమిక వైద్యశాస్త్రాల సంస్థలోనూ, ఇలాంటి మరెన్నో బయోకెమిస్ట్రీ విభాగాల్లోనూ పరిశోధక విద్యార్థులు ఈ పని చేస్తూ వచ్చారు. రక్తంలోంచి పసుపు ద్రవం, తెల్లకణాలు తీసేసి, మిగిలిన ఎర్రకణాలను ఉప్పునీటితో కడిగి, పలచని ఫాస్ఫేటు బఫర్‌లో పోస్తారు. కణాలు ఉబ్బి పగులుతాయి. చల్లని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన ఎర్రటి నీరు, అడుగున పొరల ముద్ద. పైనీరు పారబోసి మళ్లీ బఫర్ పోసి తిప్పాలి. నాలుగు విడతలయ్యేసరికి ముద్దలోని ఎరుపు గులాబీగా పాలిపోయి, చివరికి పాలమీగడ రంగుకు దిగుతుంది. ల్యాబు భాషలో ఇవి ఘోస్ట్‌లు. వీటికి ఏటీపీ, సోడియం, పొటాషియం, మెగ్నీషియం అందించి 37 డిగ్రీల దగ్గర ఉంచితే పొరలోని పంపు ఏటీపీని విరిచి భాస్వరాన్ని వదులుతుంది. దాన్ని కొలిచేది ఆ 1925 నాటి నీలం రంగుతోనే. మెడికల్ కాలేజీ నుంచి చిన్న పట్టాతో వెళ్లిపోయిన కుర్రవాడి పేరు ఈ నగరంలోని పరిశోధన గ్రంథాల పద్ధతుల అధ్యాయంలో తరం తరువాత తరం అచ్చవుతూ వస్తున్నది. గోళకణాల పొర సోడియాన్ని ఎక్కువగా లోపలికి రానిస్తుంది, పంపు అలసిపోయేదాకా తోడుతూనే ఉండాలి. ఆ అలసటను ఈ నీలం రంగు అంకెల్లో చూపిస్తుంది.

ఘోస్ట్‌లు చేతికందాక పొరలోని ప్రొటీన్ల వేట మొదలైంది. 1968లో మార్కెసీ, స్టీర్స్ స్పెక్ట్రిన్‌ను పట్టుకున్నారు. పొర లోపలి వైపు ఆరు కోణాల గళ్లుగా అల్లుకుని ఉండే పొడవాటి ప్రొటీను అది. 1971లో ఫెయిర్‌బ్యాంక్స్, స్టెక్, వాలక్ పొరలోని ప్రొటీన్లను జెల్ మీద విడదీసి వరసగా నంబర్లు వేశారు. బ్యాండ్ 3, ప్రొటీన్ 4.1, 4.2 అన్న పేర్లు ఆ నంబర్ల నుంచే వచ్చాయి. 1979లో వాన్ బెన్నెట్ ఆంకిరిన్‌ను గుర్తించాడు. అల్లికను పైనున్న కొవ్వు పొరకు కట్టిపడేసే మేకు అది. 1982లోనూ 1985లోనూ పీటర్ ఆగ్రె గోళకణ రోగుల్లో స్పెక్ట్రిన్ తగ్గుతున్నదనీ, ఎంత తగ్గితే జబ్బు అంత తీవ్రమనీ చూపాడు. అదే ఆగ్రె ఆర్‌హెచ్ ప్రొటీను కోసం ఎర్రకణం పొరను వెతుకుతుంటే అనుకోకుండా నీటి ద్వారం ఆక్వాపోరిన్ దొరికి, 2003లో నోబెల్ తెచ్చిపెట్టింది. యిరీ పాలెక్ ఈ సమాచారమంతా ఒక క్రమంలో పెట్టాడు. అల్లికను పై పొరకు బిగించే నిలువు కట్లు తెగితే గోళకణాలు, అల్లికలోని అడ్డకట్లు తెగితే కోడిగుడ్డు ఆకారపు కణాలు. మొదటి రకానికి ఆంకిరిన్, స్పెక్ట్రిన్, బ్యాండ్ 3, ప్రొటీన్ 4.2 జన్యువుల్లో తప్పు కారణం. రెండో రకానికి చాలావరకు స్పెక్ట్రిన్, 4.1 జన్యువుల్లోనిది.

స్పెక్ట్రిన్‌లోని ఒక ముక్క నిర్మాణాన్ని 1993లో స్ఫటికాల ద్వారా చూడగలిగారు. ఏ ప్రొటీను నిర్మాణమైనా నమ్మదగినదో కాదో తేల్చడానికి లోకమంతా వాడే కొలబద్ద రామచంద్రన్ పటం. గిండీలోని విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ దాన్ని 1963లో, అంటే డాడ్జ్ పద్ధతి వచ్చిన ఏడాదే, ప్రకటించారు. వాళ్లు ఎర్రకణం కోసం చేసిన పని కాదది. అయినా లెక్క రాసుకునేటప్పుడు దాన్ని మన ఊరి ఖాతాలో వేసుకోవడంలో తప్పు లేదు.

ఈ చరిత్రలో మరో తెలుగు పేరు నార్ల మోహన్‌దాస్. ఆయన వైద్యుడు కాదు. 1970ల తొలి ఏళ్లలో అమెరికాలో హోక్‌ముత్‌తో కలిసి ఎర్రకణం పొర ఎంత లాగితే ఎంత సాగుతుందో కొలిచాడు. 1975లో ఫ్రాన్సులో మార్సెల్ బెస్సీతో కలిసి ఎక్టాసైటోమీటర్ అనే యంత్రాన్ని రూపొందించాడు. చిక్కటి ద్రవంలో కణాలను వేగంగా తిప్పుతూ వాటి మీదుగా లేజర్ కిరణం పంపితే, కణాలు ఎంత సాగితే తెర మీది వెలుగు అంత కోలగా సాగుతుంది. ద్రవం గాఢతను క్రమంగా మార్చుతూ చదివితే ఒక్కో జబ్బుకు ఒక్కో వంపు గీత వస్తుంది. గోళకణ వ్యాధిది ఒకటి, కోలకణాలది ఒకటి, నీరు కోల్పోయి బిగిసిన సికిల్ కణాలది మరొకటి. తరువాత న్యూయార్క్ రక్తకేంద్రంలో దశాబ్దాల పాటు పనిచేసి, ఎర్రకణం పొర గురించి ప్రపంచంలో ఎవరికి సందేహం వచ్చినా అడగదగిన మనిషి అయ్యాడు. సుబ్బారావును మరిచిపోయామని నొచ్చుకునే మన పత్రికలు బతికున్న శాస్త్రవేత్తల పేర్లు ఎన్నిసార్లు అచ్చువేశాయో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.

ఎక్టాసైటోమీటర్ ఖరీదైనది, అన్ని ఊళ్లకూ రాదు. 2000లో బ్రిస్టల్ పరిశోధకులు అందరికీ అందే మార్గం చూపారు. ఇయోసిన్ మాలిమైడ్ అనే మెరిసే రంగు పొరలోని బ్యాండ్ 3కి ప్రధానంగా అతుక్కుంటుంది. పొర తరిగిపోయిన కణాలు తక్కువ మెరుస్తాయి. బొంబాయిలోని జాతీయ రక్తశాస్త్ర సంస్థ 2003 నాటికే దీని మీద తన అనుభవాన్ని ప్రకటించింది. ఫ్లో సైటోమీటర్ ఉన్న పెద్ద ల్యాబులో ఇప్పుడు ఇది చేయించుకోవచ్చు. అక్కరైతే జన్యు పరీక్షా అందుబాటులో ఉంది. వెల్లూరు సి.ఎం.సి.లో 1986లో మొదలైన మూలుగ మార్పిడి తలసేమియా పిల్లలకు కొత్త ఆశ చూపింది. ప్లీహం తీసే ఆపరేషన్ చిన్న రంధ్రాల గుండా జరిగిపోతోంది. పిల్లలకైతే సాధ్యమైనంతవరకు ఐదారేళ్లు నిండేదాకా ఆగి, ముందుగా న్యుమోకాకల్ వంటి టీకాలు వేయించి మరీ చేస్తారు, ఎందుకంటే ప్లీహం లేని ఒంటికి కొన్ని సూక్ష్మక్రిములను ఎదుర్కొనే బలం తగ్గుతుంది. హైదరాబాదులో 1998లో తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించి, 2047ను గడువుగా పెట్టుకుంది. ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం.

మేనరికాల సంగతి ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు. గోళకణ వ్యాధి ఎక్కువ కుటుంబాల్లో తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తుంది గనుక దానికి మేనరికాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. తలసేమియా, సికిల్ సెల్, గోళకణ వ్యాధిలోని కొన్ని తీవ్ర రకాలు ఇద్దరి నుంచీ రావాలి. అక్కడ దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు ప్రమాదాన్ని పెంచుతాయి. తమిళ, తెలుగు కుటుంబాలు రెండింటికీ ఇది ఒకే తీరున వర్తిస్తుంది.

ఇన్ని తరాల కృషి తరువాత కూడా మన ఊళ్లలో 'రక్తం తక్కువగా ఉంది' అంటే వెంటనే చేతిలో పడేది ఐరన్ మాత్రల అట్ట. మన దేశంలో ఇనుము లోపమే ఎక్కువ గనుక అది చాలామందికి మేలే చేస్తుంది, కాదనను. అయితే తలసేమియా వంటి జబ్బుల్లో ఇనుము ఒంట్లో ముందే పేరుకుంటూ ఉంటుంది, అవసరం తేలకుండా ఏళ్ల తరబడి మింగే మాత్రలు ఆ భారాన్ని పెంచుతాయి. రెండు మూడు నెలలు వాడినా హీమోగ్లోబిన్ పెరగకపోయినా, కళ్లు పచ్చగా ఉన్నా, రక్తపు స్మియర్, రెటిక్యులోసైట్ లెక్క, బిలిరుబిన్, కూంబ్స్ పరీక్ష చేయించమని డాక్టరును మీరే అడగండి. ఇంట్లో ఎవరికైనా చిన్నతనంలో ప్లీహం తీయించినా, ముప్పై ఏళ్లలోపే పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయినా, పుట్టిన బిడ్డకు కామెర్లు ముదిరి రక్తం మార్చవలసి వచ్చినా ఆ సంగతి దాచకుండా చెప్పండి. పాత రిపోర్టులు పారెయ్యకండి. ఒకరికి జబ్బు ఖాయమైతే తోబుట్టువులకూ పిల్లలకూ కూడా పరీక్ష చేయించండి.